తడిగుడ్డ కింది మోత

నేను ఒక జేగంటను. కంచుదాన్ని. చూడడానికి అన్నం తినే పళ్లెమంత ఉంటాను గానీ, ఎత్తితే ఏడాది పిల్లంత బరువు. మోగి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. ఇప్పుడు ఈ మ్యూజియంలో అద్దాల బీరువాలో వేలాడుతున్నాను. కింద 'నీళ్లదాసుల జేగంట, కంచు, నల్లదుర్గం సంస్థానం' అని చీటీ అంటించారు. చదివినవాళ్లు 'ఓహో' అనుకొని పక్కనున్న కత్తుల దగ్గరికి పోతారు. కత్తులంటే మనుషులకు ఎప్పుడూ ముద్దే. ఒకప్పుడు నన్ను కచేరీ ముందు బల్ల మీద పెట్టి, నంబరు వేసి, సాక్ష్యం కింద చూపించారు. ఊళ్లో అందరినీ అడిగారు, నన్ను తప్ప. ఆ రోజు చెప్పాల్సిన మాట నాలోనే ఉండిపోయింది. అది మీకు చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

నన్ను పోసింది పగిలిన ఫిరంగి ముక్కతో. నల్లదుర్గం కోటలో ఫిరంగి పేల్చే ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. నీళ్లదాసులు ఆయన్ను తాతగారు అంటారు, అసలు పేరు చెప్పుకోరు. ఏదో ముట్టడిలో ఆయన పేల్చిన గుండు, ఏటికి నీళ్లకొచ్చిన ఆడవాళ్ల మీద పడిందట. ఆ సాయంత్రమే ఉద్యోగం వదిలేసి, ఆ ఏటిగట్టునే చలివేంద్రం పెట్టి, వచ్చేపోయేవాళ్లకు నీళ్లు పోస్తూ కూర్చున్నాడు. ఆయన చుట్టూ పదకొండు సాలె కుటుంబాలు చేరాయి. కొన్నేళ్లకు ఆ ఫిరంగి పగిలిపోతే దాని ముక్కొకటి అడిగి తెచ్చుకొని, ఇళ్లలో విరిగిన కంచు గిన్నెలు కలిపి నన్ను పోయించాడు. అందుకే నాలో ఏ మూలో ఆ ఆడవాళ్ల కేకలు ఉన్నాయని నా అనుమానం. ఎవరూ ముట్టుకోకపోయినా ఒక్కోసారి లోపల సన్నగా గుయ్‌మంటుంది.

నీళ్లదాసుల పద్ధతి చెబుతాను, వినండి. ఇరవై ఏళ్లు నిండిన మగవాడు చైత్ర పౌర్ణమినాడు పొద్దున్నే స్నానం చేసి వచ్చి, ప్రాణమున్నదాని మీద చెయ్యెత్తను, అబద్ధమాడను, దాహమన్నవాడికి నీళ్లు లేవనను అని మాట ఇచ్చి, చింతకర్ర సుత్తితో నన్ను కొడతాడు. ఒకే ఒక్క దెబ్బ. ఆ మోత పదకొండు ఇళ్లకూ వినబడాలి. విన్న ఇంటివాళ్లు గడప ముందు చెంబెడు నీళ్లు పోస్తారు. పదకొండు గడపల ముందూ తడి కనబడితే వ్రతం కుదిరినట్టు. కాగితం లేదు, సంతకం లేదు. పేర్లు రాసిపెడితే ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడు ఆ పుస్తకం పట్టుకొని వీధిలోకి వస్తాడని తాతగారి భయం. ఎంత ముందుచూపో చూడండి. తీరా ఆ పుస్తకం లేకపోవడమే కొంప ముంచింది.

ఇంకో నియమం ఉంది. ఆ పదకొండు ఇళ్లలో ఎవరు పోయినా మూడు రోజులు నేను మోగకూడదు. నన్ను తడిగుడ్డతో చుట్టి, ఆరిపోకుండా నీళ్లు చల్లుతూ ఉంటారు. ఊపిరాడనట్టుగా ఉంటుంది, కానీ అలవాటే.

మా వీధి పుల్లమ్మ కొడుకు ఓబులేసుకు ఇరవై నిండిన ఏడు, సరిగ్గా పౌర్ణమికి ముందురోజు చివరి ఇంటి ముసలమ్మ పోయింది. నన్ను చుట్టేశారు. వచ్చే ఏడాది దాకా ఆగుదామంటే, ఓబులేసు తండ్రి మంచం పట్టి ఉన్నాడు. ఇంకో పౌర్ణమి చూడడని వీధి మొత్తానికీ తెలుసు. కొడుకు వ్రతం పడితే చూసి పోతానని ఆయన ఆశ. నా బాగోగులు చూసే గంటపెద్ద గురవప్ప మంచి మనిషే, కాకపోతే నియమమంటే ప్రాణం పెడతాడు. చాలాసేపు గడ్డం గోక్కొని, చివరికి మెత్తబడ్డాడు.

"గుడ్డ మిందనే కొట్టు నాయనా. మాట నీకూ దేవునికీ మధ్య. మోత వచ్చే ఏడు మోగిద్దాం" అన్నాడు.

ఓబులేసు మాట ఇచ్చి కొట్టాడు. అబ్బ, ఏం దెబ్బండీ అది! మంచంలోంచి తండ్రి చూస్తున్నాడాయె. ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. బయటికి మాత్రం గోనెసంచి మీద కొట్టినట్టు ఒక మెత్తటి చప్పుడు వచ్చింది, అంతే. పక్కింటికి కూడా పోలేదు. మామూలుగా మోత బయటికి పోతే నేను తేలికపడతాను. ఆ మోత పోలేదు. లోపలే తిరగడం మొదలుపెట్టింది. నెల తిరక్కుండా తండ్రి పోయాడు.

మళ్లీ పౌర్ణమి రాకముందే చాటింపు వచ్చింది. సముద్రం అవతల దొరలు యుద్ధం చేసుకుంటున్నారట, మనుషుల్ని పంపుతానని రాజావారు మాట ఇచ్చారట. మాట ఇచ్చింది ఆయన, పోవాల్సింది వీళ్లు. ఊరికి ఇంతమంది అని లెక్క కట్టి, వయసులో ఉన్నవాళ్ల పేర్లు కుండలో వేసి చీటీలు తీశారు. చీటీ వచ్చినవాడు పోవాల్సిందే. ఒక్క మినహాయింపు పెట్టారు. ఆయుధం పట్టకూడదని మతం చెబుతున్నవాళ్లు, ఆ వ్రతం చాటింపుకు ముందే పట్టి ఉంటే, పోనక్కర్లేదు. కానీ వాడి బదులు వరసలో తర్వాతి చీటీవాడు పోవాలి. లెక్క తగ్గడానికి వీల్లేదు.

ఇహ చూడండి తమాషా. ఆ నెలలో దేవుడితో ఏదో ఒక చుట్టరికం లేని మగవాడు నల్లదుర్గంలో కనబడితే ఒట్టు. ఎన్నడూ గుడి మెట్లెక్కని వాళ్లు విభూతి పెట్టుకున్నారు. మాంసం కొట్టు వెలవెలబోయింది. మా వీధికి ముక్కూమొహం తెలియని జనం చెంబులు పట్టుకొని వచ్చి, మేమూ నీళ్లదాసులమే అన్నారు. విచారణాధికారి వెంకోబరావు చెడ్డవాడు కాదు, పాపం నిద్రలేక కళ్లు ఎర్రబడ్డ మనిషి. ఒకణ్ణి పిలిచి, తేలు కనబడితే ఏం చేస్తావన్నాడు. వాడు ఆలోచించకుండా చెప్పు తీస్తానన్నాడు. వాణ్ణి ఆ రోజే రైలెక్కించారు. ఆ తర్వాత వెంకోబరావు గురవప్పను పిలిచి, మీ వీధివాళ్ల విషయంలో ఒక్క అబద్ధం దొరికినా పదకొండు ఇళ్ల మినహాయింపూ రద్దు చేయాల్సి వస్తుందని నిదానంగానే చెప్పాడు.

చీటీల్లో ఓబులేసు పేరు వచ్చింది. ఆ తర్వాతి చీటీ మద్దిలేటిది. మద్దిలేటి ఏటి అవతల రైతు కుటుంబంలోవాడు, సుంకమ్మ రెండో కొడుకు. పెద్దకొడుకు మొదటి జట్టులోనే పోయి, కబురై తిరిగొచ్చాడు.

విచారణ కచేరీ ముందు పందిట్లో, అందరి ఎదుటా జరిగింది. నన్ను తెచ్చి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. జనం రెండుగా చీలిపోయి వాదించుకున్నారు. ఆచారాన్ని కాదంటే రేపు గుళ్ల మీదికీ వస్తారని కొందరు, భక్తి పేరు చెప్పి ఇంట్లో కూర్చునేవాళ్లకు ఏటి నీళ్లెందుకని కొందరు. మనస్సాక్షిని కొలిచే కుంచం సర్కారు దగ్గరుందా అని ఒక వకీలు అడిగితే చప్పట్లు కొట్టారు. అప్పుడు సుంకమ్మ లేచింది. ఏడవలేదు. అది ఇంకా భయంగా ఉంది.

"మీ పిల్లోళ్లకు పాపం అంటగూడదు. సరే సామీ. మీకు బదులు నా కొడుకు పోయి చంపితే ఆ పాపం యెవరికి? నా పెద్దోడు యాడనో మన్నులో ఉండాడు. వానికి మాత్రం దేవుడు లేడా?"

గురవప్ప తల దించుకున్నాడు. ఆ వేడి చల్లారకముందే వెంకోబరావు గురవప్పను నిలబెట్టి, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పమన్నాడు.

"ఓబులేసు కొట్టిన రోజు ఈ గంట మోగిందా?"

"మోగలేదు సామీ."

"పదకొండు ఇళ్లలో ఎవరికైనా వినబడిందా?"

"లేదు."

"వినబడకపోతే మీ ఆచారం ప్రకారం వ్రతం కుదిరినట్టేనా?"

గురవప్ప నా వైపు చూశాడు. గుడ్డ మీద కొట్టమన్నది తనే. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది, పెదవులు కదలడం చూశాను. చెబితే ఓబులేసు మిగులుతాడు. చెబితే సుంకమ్మకు ఇహ కొడుకు లేడు. పైగా దాన్ని అబద్ధమంటే వీధి మొత్తం పోతుంది. ఆయన పాపం నిజమే చెప్పాడు. నిజంలో సగం మింగేసి చెప్పాడు.

"కుదరనట్టే" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. కొట్టాడయ్యా, నేను తిన్నాను ఆ దెబ్బ, ఇదిగో లోపల తిరుగుతోంది అని అరవాలనిపించింది. వెల్లకిలా పడుకోబెట్టిన గంట ఏం అరుస్తుంది? వెంకోబరావు రాసుకున్నాడు. ఓబులేసు మాత్రం గురవప్ప చెప్పింది అబద్ధం కాదన్నాడు. బయటికి వచ్చాక తల్లి చెయ్యి పట్టుకొని, "ఆయమ్మకు ఒక్కడే మిగిలినాడు గదమ్మా" అన్నాడు. నాకు మాత్రం ఎందరున్నారురా అని పుల్లమ్మ అడగలేకపోయింది.

రెండేళ్లు. ఆ రెండేళ్లూ గురవప్ప నన్ను తుడిచేటప్పుడు నా మొహం చూసేవాడు కాదు. మిగతా కుర్రాళ్లు వ్రతం పట్టి కొట్టినప్పుడల్లా నేను మోగాను, కానీ ఏ మోతకైనా అడుగున ఆ పాత దెబ్బ వినబడేది. గురవప్పకూ వినబడేదేమో, చెవులు మూసుకొనేవాడు.

యుద్ధం ముగిశాక కాశింసాబు తిరిగొచ్చాడు. నల్లదుర్గంవాడే, ఓబులేసుతో ఒకే పటాలంలో ఉన్నాడు. పుల్లమ్మ ఇంటికి వచ్చి, తూటా దూసుకుపోయిన తోలు నీళ్లసంచి ఒకటి ఆమె ముందు పెట్టాడు. ఓబులేసుకు ఇచ్చిన అరవై తూటాలూ ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయని చెప్పాడు. తుపాకీ పేల్చనందుకు పైవాళ్లు కొట్టారు, కొరడాలతో కూడా కొట్టారు. కందకాల్లో దాహంతో పడి ఉన్నవాళ్లే, వాణ్ణి వదలండి, నీళ్లకు వాడు కావాలని అడ్డం పడ్డారట. ఒకనాడు రెండు సేనల మధ్య పడిపోయిన శత్రువు ఒకడు ఏదో భాషలో కేకలేస్తున్నాడు. అది దాహం కేకే అని చెప్పి ఓబులేసు సంచి తీసుకొని లేచాడు. తూటా ఎటువైపునుంచి వచ్చిందో తెలియదని కాశింసాబు అన్నాడు. తెలిసినా చెప్పేవాడు కాదనుకుంటాను.

ఆరు నెలలకు వెంకోబరావు స్వయంగా మా వీధికి వచ్చాడు. చేతిలో రాజముద్ర ఉన్న కాగితం. పటాలంలో పై అధికారి రాసిన నివేదికను బట్టి ఓబులేసు విశ్వాసం కల్లబొల్లిది కాదని దర్బారువారు తేల్చారట. చీటీ తీసిన తేదీ నుంచే మినహాయింపు మంజూరు చేశారట. రుజువు దొరికిందన్నమాట. మనిషి పోతే గానీ దొరకని రుజువు. గురవప్ప చదివి వినిపించాడు. పుల్లమ్మ అంతా విని, వెంకోబరావును మర్యాదగానే అడిగింది.

"అయితే వానికి కబురు పెడతారా సామీ, రమ్మని?"

ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకొని వెళ్లిపోయాడు.

గురవప్ప అప్పుడు పుల్లమ్మ కాళ్ల దగ్గర కూలబడి, మింగేసిన ఆ సగం చెప్పేశాడు. నాకు తెలుసులే అంది ఆమె. ఆయన సుత్తి అందుకొని, వాడి పేరు మీద ఇప్పుడు మోగిస్తాను, పదకొండు ఇళ్లూ వింటాయి అంటూ నా ముందుకు వచ్చాడు. పుల్లమ్మ అడ్డం నిలబడింది.

"వద్దు. నా కొడుకు కొట్టింది ఇంగా దీంట్లోనే ఉండాది. దాని మింద ఇంగొకరి దెబ్బ పడగూడదు."

చీరకొంగు చింపి, తడిపి, నన్ను చుట్టేసింది. ఆమెకెలా తెలిసిందో నాకు తెలియదు. తల్లి కదా.

ఆ వీధివాళ్లు వేరే గంట పోయించుకున్నారు. గురవప్ప చలివేంద్రంలోనే కూర్చుండిపోయి, ఎండల్లో నీళ్లు పోస్తూ పోస్తూ అక్కడే పోయాడు. ఏటేటా చైత్ర పౌర్ణమికి పుల్లమ్మ వచ్చి నా గుడ్డ తడిపేది. ఒక పౌర్ణమికి రాలేదు. రానిది ఎందుకో నాకు అర్థమైంది. మధ్యాహ్నం దాకా గుడ్డ పొడిగానే ఉంది. అప్పుడు చెప్పులు బయట విడిచిన చప్పుడైంది. సుంకమ్మ. మా దాసుల మనిషి కాదు, మా గంటతో ఆమెకు పనే లేదు. వెనకాల మద్దిలేటి కడవ మోసుకొని వచ్చాడు, చంకలో బిడ్డతో. సుంకమ్మ గుడ్డ అంతా తడిసేదాకా నీళ్లు పోసి, నన్ను కాసేపు రెండు చేతులతో పట్టుకొని వెళ్లిపోయింది. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ వచ్చింది.

మ్యూజియంవాళ్లు చిలుము పడుతుందని ఆ గుడ్డ తీసి పారేశారు. ఇక్కడి కాపలాదారు మధ్యాహ్నాలు రేడియో పెట్టుకుంటాడు. ఎక్కడో ఏదో దేశంలో సైన్యానికి ఎవరు పోవాలి, దేవుడి పేరు చెప్పి ఎవరు ఆగిపోవచ్చు అని పెద్ద చర్చ నడుస్తోంది. అవే మాటలు, అదే సుంకమ్మ ప్రశ్న. వింటుంటే నాలో ఆ దెబ్బ ఒక్కసారి జోరుగా తిరుగుతుంది. అద్దం సన్నగా అదిరితే బయట లారీ పోయిందనుకుంటాడు కాపలాదారు.

ఇదీ నా సాక్ష్యం. ఓబులేసు కొట్టాడు. గట్టిగా కొట్టాడు. ఇంతసేపు విన్నారు కాబట్టి ఒక చిన్న పని చేసిపెట్టండి. ఇంటికి పోయాక మీ గడప ముందు ఒక చెంబెడు నీళ్లు పోయండి.