ఉన్నది ఉన్నట్టు

కాలవగట్టున బొరియ ఖాళీ అయిన రోజునే హనుమయ్యగారికి నాగబాబు మీద అనుమానం పుట్టిందని బృందంలో అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. అనుమానం అంతకు రెండు నెలల ముందే పుట్టింది. బొరియ ఖాళీ అయ్యాక దానికి కాళ్లొచ్చాయి, అంతే.

హనుమయ్యగారు ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. లాకులూ తూములూ గీసీ గీసీ మధ్యవేలి మీద కాయ కాసింది. ఖాళీగా కూర్చోవడం చేతకాక రామతులసిగారి బొమ్మల బృందంలో చేరారు. ఆవిడ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి మానేశారు. వన్ టౌన్‌లో మిరపకాయల గోడౌను మీద ఆవిడకో మేడగది ఉంది. ఆదివారం పొద్దున్నే ఏడెనిమిది మంది ఊరి బయటికి పోయి పిట్టనో, పురుగునో, కలుపుమొక్కనో బొమ్మ వేసుకొచ్చి, మధ్యాహ్నం ఆ గదిలో మిరప ఘాటుకు తుమ్ముకుంటూ ఒకరి బొమ్మలొకరు చూసుకునేవారు.

బృందానికి ఒక కట్టుబాటు ఉంది. బొమ్మ కింద తేదీ రాయాలి, వేళ రాయాలి, చోటు మాత్రం రాయకూడదు. అంతకుముందు ఏడాది ఎవరో గిజిగాడి గూళ్ల బొమ్మ వేసి కింద ఊరి పేరు రాస్తే, ప్రదర్శనకు వచ్చిన మహానుభావులు పోయి గూళ్లన్నీ కోసుకొచ్చి తమ ఇళ్లలో అందానికి వేలాడదీసుకున్నారు. అప్పుడు పట్టుబట్టి ఈ కట్టుబాటు పెట్టించింది హనుమయ్యగారే. ఎవరైనా మరిచిపోయి ఊరి పేరు రాస్తే రబ్బరు పట్టుకెళ్లి స్వయంగా చెరిపేవారు.

నాగబాబు కొత్తగా చేరినవాడు. ముప్పై ఏళ్లుంటాయి. వాళ్లది కొల్లేటి పక్క చేపలు పట్టే కుటుంబం. తను మాత్రం బెంజ్ సర్కిల్ దగ్గర చేపల మేత అమ్మే ఆఫీసులో పనిచేస్తాడు. గీసేది తక్కువ, చూసేది ఎక్కువ. ఏ జీవినైనా తెల్లకాగితం మధ్యలో ఒంటరిగా వేసి వదిలేస్తాడు. చుట్టూ ఒక గడ్డిపోచ కూడా ఉండదు. అదేం గాల్లో వేలాడుతోందా అని హనుమయ్యగారు ఎద్దేవా చేస్తే నవ్వి ఊరుకునేవాడు. నవ్వి ఊరుకునే మనుషులంటే హనుమయ్యగారికి మొదటినుంచీ నమ్మకం లేదు.

ఆ చలికాలం ఉయ్యూరు దాటాక చెరుకుతోటల పక్కన, పిల్లకాలవ గట్టులో నీటికుక్కల బొరియ కనిపెట్టారు హనుమయ్యగారు. తల్లి, రెండు పిల్లలు. ఒక పిల్లకు గొంతు కింద తమలపాకంత తెల్లమచ్చ. ఆరు ఆదివారాలు తుమ్మచెట్టు చాటున కూర్చుని ఆ బొమ్మ వేశారు. నీళ్లలోంచి తల్లి చేపతో వస్తుంటే పిల్లలు ఎదురు పరిగెత్తే బొమ్మ. తుంగపోచల దగ్గర్నుంచి గట్టు మీది కాలవరాయి దాకా ఏదీ వదల్లేదు. అంత ప్రాణంగా ఆయన జీవితంలో ఏదీ గీయలేదు.

అవి ఎన్నింటికి బయటికొస్తాయి, ఏ వైపు పోతాయి అని ఆరా తీసింది నాగబాబొక్కడే. అదీ చాలక, బొమ్మ పూర్తయిన రోజున వెనకాల నిలబడి, "ఆ రాయి అవసరమాండీ?" అన్నాడు. హనుమయ్యగారికి ఒళ్లు మండింది. ఉన్నది ఉన్నట్టు గీయకపోతే అది బొమ్మ కాదు, అబద్ధం అని అరగంట క్లాసు పీకారు. నాగబాబు మళ్లీ నవ్వి ఊరుకున్నాడు.

ఆ బొమ్మనే ఆహ్వానపత్రిక మీద అచ్చు వేయించారు రామతులసిగారు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హాల్లో మూడు రోజుల ప్రదర్శన. రెండో రోజు హనుమయ్యగారు ఒక దృశ్యం చూశారు. తన బొమ్మ ముందు నాగబాబూ, తెల్లచొక్కా వేసుకున్న ఒక భారీ మనిషీ నిలబడి ఉన్నారు. నాగబాబు వేలుపెట్టి ఏదో చూపిస్తున్నాడు. పెద్దమనిషి నవ్వుతున్నాడు. ఈయన దగ్గరికి రాగానే ఇద్దరూ మాట ఆపేశారు. ఆ ఆపడం ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది.

పదిరోజుల తర్వాత గట్టు మీదికి పోతే బొరియ మూతికి రాళ్లు కూరి ఉన్నాయి. తుంగలో తెగిన ఇనుప ఉచ్చు ఒకటి, దానికి అంటుకుని గోధుమరంగు వెంట్రుకలు. అది చేపలు తినేస్తున్నాయని చెరువుల వాళ్లు చేసిన పనేనని, తల్లి చచ్చిపోయిందని, పిల్లల సంగతి తెలియదని చెరుకు నరికే ఆడవాళ్లు చెప్పారు. హనుమయ్యగారు తుమ్మచెట్టు కింద కూలబడి ఏడ్చారు. తర్వాత లేచి, ఎవరు చెప్పి ఉంటారో ఆలోచించారు. ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు.

ఆ తర్వాతి ఆదివారం మేడగదిలో అందరి ముందూ నిలదీశారు. రామతులసిగారు నిదానించమన్నా వినలేదు. హాల్లో మాట్లాడిన మనిషెవరని అడిగారు.

"మా మేనమామండి. కాశీరావుగారు."

ఆయన ఏం చేస్తాడని అడిగితే, చేపల చెరువులున్నాయని, అవి ఆ కాలవ కిందేనని నాగబాబు దాచకుండా చెప్పాడు. గదిలో ఎవరూ తుమ్మనైనా తుమ్మలేదు. హనుమయ్యగారికి ఇంకేం కావాలి? చోటు చెప్పింది నువ్వే కదా అన్నారు.

"నేను చెప్పలేదండీ," అన్నాడు నాగబాబు. గోడకు ఆనించి ఉన్న ఆ బొమ్మ వైపు ఒకసారి చూశాడు, హనుమయ్యగారి వైపు ఒకసారి చూశాడు. ఇంకేదో అనబోయి మానుకున్నాడు. కుంచెలు సంచిలో సర్దుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. తప్పు లేనివాడైతే అలా తలొంచుకుని పోతాడా అన్నారు హనుమయ్యగారు. ఎవరూ కాదనలేదు.

అంతటితో ఊరుకుంటే ఆయన హనుమయ్యగారెందుకవుతారు? మేనమామ నోటితోనే ఒప్పించాలని పంతం పట్టి బస్సెక్కారు. కాశీరావు చెరువుగట్టు మీద షెడ్డులో మేత బస్తాల మధ్య కూర్చుని ఉన్నాడు. మర్యాదకు లోటు చేయలేదు. కుర్చీ వేయించి కొబ్బరినీళ్లు తెప్పించాడు. ఉచ్చు ఎవరు పెట్టారో మాత్రం తనను అడగొద్దన్నాడు. చోటు చెప్పింది మీ మేనల్లుడే కదా అని ఈయన సూటిగా అడిగేశారు.

కాశీరావు ఫోను తీసి ఆహ్వానపత్రిక ఫొటో చూపించాడు. వేళ్లతో పెద్దది చేశాడు.

"వాడు చెప్పడమేంటండీ, మీ బొమ్మే చెప్పింది. ఇదిగో, బొరియ పక్కన కాలవరాయి. దాని మీద దూరం నంబరు, పద్నాలుగు బై రెండు. ఈ కాలవ నీళ్లే మా చెరువులకి పెట్టుకునేది. ఆ నంబరు మాకు మా ఇంటి నంబరు కంటే బాగా తెలుసు. ఈ కార్డు చెరువులోళ్లందరి ఫోన్లలో తిరిగింది."

హనుమయ్యగారు కొబ్బరిబొండం కింద పెట్టి ఫోను మీదికి వంగి చూశారు. ఆ నంబరు గీసినట్టు కూడా ఆయనకు గుర్తులేదు. ముప్పై నాలుగేళ్లు కాలవ గీసినప్పుడల్లా రాయి, రాయి మీద నంబరు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. కింద ఊరి పేరు రాయలేదని మురిసిపోతూ, అంతకంటే కచ్చితమైన చిరునామా తన చేత్తో తానే రాసిపెట్టారు.

"ఆ రోజు హాల్లో మావాడు నాకు చూపించింది ఆ రాయే," అన్నాడు కాశీరావు. "మావయ్యా, ఇది మనోళ్ల కంట పడుద్ది, నువ్వే ఎట్టాగైనా ఆపాలని చేతులు పట్టుకున్నాడండి. నేను నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది."

తిరుగు బస్సులో హనుమయ్యగారికి కిటికీ బయట ఏదీ కనపడలేదు. మేడగదిలో ఆ రాయి వైపు ఒక్క వేలు చూపిస్తే నాగబాబు గెలిచేవాడు. అందరి ముందూ పెద్దాయన పరువు తీయడం ఇష్టంలేక చూపించలేదు. ఆ సంగతి తలుచుకున్నకొద్దీ సిగ్గుతో ఆయన చెవులు కాలాయి.

ఆదివారం అందరి ముందూ తన వేలితోనే ఆ నంబరు చూపించారు హనుమయ్యగారు. తల్లిని చంపించింది తానేనన్నారు. రామతులసిగారు తన తప్పూ ఉందని, కార్డు అచ్చు వేయించింది తానేనని అన్నా ఆయనకు ఊరట కలగలేదు. అటునుంచి అటే నాగబాబు అద్దెగదికి వెళ్లారు.

నాగబాబు లోపలికి రమ్మని చాప వేశాడు. హనుమయ్యగారు కూర్చోకుండానే క్షమించమన్నారు. అంత మాట వద్దండి అన్నాడు గాని, నవ్వలేదు. తన బొమ్మల పుస్తకం తీసి చివరి పేజీ తెరిచాడు. తెల్లకాగితం మధ్య రెండు నీటికుక్క పిల్లలు. తేదీ మొన్నటిది. ఒకదానికి గొంతు కింద తమలపాకంత తెల్లమచ్చ. వాటి చుట్టూ నీళ్లు లేవు, గట్టు లేదు, ఒక్క గడ్డిపోచ లేదు.

హనుమయ్యగారికి కళ్లు తడిశాయి. "ఎక్కడ?" అనేశారు.

నాగబాబు ఆయన ముఖంలోకి చూశాడు. ఇన్నాళ్లూ హనుమయ్యగారు అతన్ని ఎలా చూశారో అచ్చం అలాగే చూశాడు. తర్వాత మెల్లగా పుస్తకం మూశాడు.

"చెప్పనండి. ఏమీ అనుకోమాకండి."

హనుమయ్యగారు ఆ మూసిన పుస్తకం వైపు చూసి తలాడించారు.

"మంచిది. ఎవరికీ చెప్పకు. నాకసలు చెప్పకు," అని, గుమ్మంలో చెప్పులు వేసుకుని మెట్లు దిగారు.