దారి మూసిన రోజులు

దయామణి ముందు తన ముంజేతి మీద నీళ్ళు పట్టుకుని వేడి చూసుకుంది. ఆ తర్వాతే షవర్ గొట్టాన్ని కిందికి దించి మిసెస్ హార్పర్ పాదాల మీద పెట్టింది. పాదాలు, పిక్కలు, మోకాళ్ళు, అలా మెల్లగా పైకి రావాలి. ఒక్కసారిగా భుజాల మీద పోస్తే పెద్దవాళ్ళు బెదిరిపోతారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఆవిడ ఒళ్ళు ఉల్లిపొరలా పలచగా ఉంది. మెడా ముంజేతులూ మాత్రం ఎప్పటి ఎండకో కమిలి, గోధుమరంగు తిరిగి, మిగతా తెల్లటి ఒంటికి ఎవరో తెచ్చి అతికించినట్టుంటాయి. తొంభై దాటినా ఆ చేతుల్లో పట్టు తగ్గలేదు. గోడకున్న కడ్డీ పట్టుకుందంటే విడిపించడం కష్టం.

రోజూ సబ్బు వీపు మీదికి వచ్చేసరికి ఆవిడ ఒకే మాట అడుగుతుంది.

"ఈజ్ హి బ్యాక్?"

ఆయన తిరిగొచ్చాడా అని. దయామణి "నాట్ యెట్, డార్లింగ్" అంటుంది. ఈ వృద్ధుల హోములో పనికి చేరిన కొత్తలో పాతవాళ్ళు నేర్పిన జవాబది. ఇంకా రాలేదు అనగానే మిసెస్ హార్పర్ మొహం విచ్చుకునేది. ఇంకా రాలేదంటే రాబోతున్నట్టే కదా, ఆ ఆశతోనే ఆ నవ్వు అనుకునేది దయామణి. ఆవిడ భర్త మిషనరీ. పెళ్ళైన కొత్తలోనే ఇద్దరూ ఈ ఎడారి అంచుకి వచ్చేశారట. ఆయన లారీ వేసుకుని నెలల తరబడి లోపలి ఊళ్ళకి పోతే, ఆవిడ రేకుల ఇంట్లో, ఒక్క వాననీటి ట్యాంకు మీద, పిల్లల్ని పెంచుకొచ్చింది. ఆవిడ గది గోడ మీద ఆయన ఫొటో ఉంది. వెడల్పాటి టోపీ, బిగించిన పెదాలు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఎక్కడో ఇసుకలో పోయుంటాడనీ, పాపం ముసలామె ఇంకా ఎదురుచూస్తోందనీ హోములో అందరూ అనుకునేవారు.

ఈ పూట సబ్బు వీపు దాటింది, నీళ్ళు పోయడమూ అయింది. ఆవిడ అడగలేదు.

తువ్వాలు కప్పుతూ దయామణి కాసేపు ఆగి చూసింది. అడగకపోతే ఊరుకోవచ్చు. కానీ ఆ మాట వినకపోయేసరికి ఆమెకి ఏదో గుబులుగా అనిపించింది. ఎందుకంటే ఆదివారానికల్లా వస్తానన్న తన భర్తే, బుధవారమైనా రాలేదు.

ఆయన పాస్టర్ కృపానందం. బాపట్ల వైపు మనిషి. పెర్త్‌లో తెలుగువాళ్ళ సంఘానికి కాపరిగా పిలిస్తే భార్యనీ కూతుర్నీ తీసుకుని వచ్చాడు. ఆ నగరం శివారు పియారా వాటర్స్‌లో చిన్న ఇల్లు, పక్కింట్లో తెలుగు మాట, పిల్లకి బడి, బాగానే ఉండేది. అంతలో ఒక ఉపవాస ప్రార్థనలో ఆయనకి ఎడారి లోపలికి వెళ్ళమని దేవుడి పిలుపు వచ్చింది. పిలుపు ఆయనకి వచ్చింది, సామాన్లు దయామణి సర్దింది. బంగారు గని, ఒక పెట్రోలు బంకు, ఒక కొట్టు, ఆస్పత్రి, దాని వెనక ఈ హోము, వాళ్ళు వచ్చిపడిన ఊరు అంతే. ఊరు దాటితే ఎర్రమట్టి. ఆయన ల్యాండ్ క్రూజర్ వేసుకుని ఆ మట్టిలో పడి ఆదివాసీ ఊళ్ళకీ, స్టేషన్లనే పెద్ద పెద్ద పశువుల ఫారాలకీ పోతాడు. వారాలకి వారాలు. తిరిగొచ్చి చుట్టం లాగా నాలుగు రోజులుండి మళ్ళీ పోతాడు. మంచి మనిషి. ఒక్కనాడు చెయ్యెత్తింది లేదు, మాట తూలింది లేదు. ఎక్కడో ఎడారిలో ఎవరి బిడ్డకి ఏ జబ్బో పేరుపేరునా చెప్తాడు. సొంత కూతురు ఎన్నో క్లాసో మాత్రం అప్పుడప్పుడూ మర్చిపోతాడు.

శనివారం వాన పడింది. ఇక్కడ చినుకు పడితే మట్టిరోడ్లు మూసేస్తారు. "వాగు దాటలేకపోతే ఆగిపోతా" అని ఆయన శాటిలైట్ ఫోనులో ఒక్క మాట చెప్పాడు. ఆ తర్వాత ఫోను పలకలేదు.

హెడ్ నర్సు బెవ్ కారిడార్‌లో ఎదురుపడి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన కబురేమైనా తెలిసిందా అని అడిగింది. నీ స్థానంలో నేనుంటే పిచ్చెక్కిపోయేదాన్ని, నువ్వెంత గట్టిదానివో అంది. అందరూ అనే మాటే. వాషింగ్ మెషీన్ కింద పాము దూరితే పార పట్టుకుని నిలబడిందనీ, ఆయన లేని ఆదివారాల్లో ప్రార్థన జరిగే హాల్లో బైబిలు తీసి, గనిలో పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్ళకీ, కేరళ నర్సుకీ, ఇద్దరు ముసలివాళ్ళకీ తానే వాక్యం చెబుతుందనీ ఊళ్ళో చెప్పుకుంటారు. నిజమే. కానీ ఆమె మనసులో ఉన్నది వేరు. ముందు రోజు వంటగట్టు దగ్గర నిలబడి, వాగులో తలకిందులైన బండిని కళ్ళారా చూసినట్టు ఊహించుకుంది. కన్నీళ్ళు కారాయి. కారుతుండగానే, ఆ ఊపిరిలోనే, పియారా వాటర్స్‌లో తెల్లటి వంటగది ఉన్న ఇల్లు, కిటికీకి లేత రంగు తెర, కూతురు తేజస్విని స్కూలు బ్యాగు కళ్ళ ముందుకి వచ్చాయి. అంత వివరంగా ఎప్పుడు ఆలోచించి పెట్టుకుంది? ఆమెకే తెలియలేదు. క్షమించు ప్రభువా అని గబగబా కళ్ళు తుడుచుకుంది.

పొద్దుటి టీ టైములో వైశాలి ఫోను చేసింది. పియారా వాటర్స్‌లో వీళ్ళ పక్కింట్లో ఉండే వైశాలి. కరీంనగర్ అమ్మాయి.

"అక్కా, అన్నని అడిగినవా? ఈడ స్కూల్‌వాళ్ళు తేజ సీట్ ఇంక హోల్డ్ చేస్తలేరు. టర్మ్ టూ నుంచి అంటే ఇయ్యాలే చెప్పాలె. తేజ మా పాప అనన్య రూమ్‌ల ఉంటది. నువ్వు టెన్షన్ వెట్టుకోకు."

"ఆయన దారిలో ఉన్నారు వైశాలీ. రాగానే అడుగుతా."

"మొన్న గూడ అదే అన్నవ్ అక్కా."

నిజమే, మొన్న కూడా అదే అంది. అంతకు ముందు ఆయన్ని అడిగితే, ప్రార్థన చేసి చెప్తానన్నాడు. ప్రార్థన చేశాడో లేదో తెలియదు. జవాబు మాత్రం రాలేదు.

మధ్యాహ్నం భోజనంలో మిసెస్ హార్పర్ రెండు చెంచాల గుమ్మడికాయ సూపు మింగి నోరు తిప్పేసుకుంది. దయామణి ఆవిడని మంచం మీద దిండ్లకి ఆనించి, మూతి తుడిచి, కళ్ళద్దాలు సరిచేసి, జుట్టు దువ్వుతూ కూర్చుంది. పత్తి పీచులాంటి జుట్టు. దువ్వెన తగిలీ తగలనట్టు పోనివ్వాలి. ఎయిర్ కండిషనర్ గొణుగుతోంది. కిటికీ అవతల ఎండ మండిపోతోంది. ఉన్నట్టుండి ఆవిడ దయామణి మణికట్టు పట్టుకుంది.

"లెట్ ద డాగ్స్ ఇన్," అంది.

గొంతు స్పష్టంగా ఉంది. ఆజ్ఞ ఇచ్చినట్టుంది. కుక్కల్ని లోపలికి రానివ్వమంటోంది. హోములో కుక్కలెక్కడివి?

"ఏ డాగ్స్ మిసెస్ హార్పర్? వాట్ డాగ్స్?"

"క్విక్. లెట్ దెమ్ ఇన్."

వాళ్ళ మాటకి ఎదురు చెప్పకూడదు, వాళ్ళున్న లోకంలోకే మనం వెళ్ళాలి అని నేర్పారు. దయామణి లేచింది. తోటలోకి ఉన్న గాజుతలుపు గడియ తీసి, తలుపు బారుగా తెరిచింది. వేడిగాలి, నాలుగు ఈగలు, ఎర్రటి దుమ్ము లోపలికి వచ్చాయి. ఏం చేయాలో తెలియక, "కమ్, కమ్" అని నేల వైపు వంగి రెండుసార్లు పిలిచింది. పిలిచి తనకే నవ్వొచ్చింది. నవ్వుతూనే వెనక్కి తిరిగింది. మిసెస్ హార్పర్ తలుపు వైపే చూస్తోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంటే ఆ చేతిలో పట్టు లేదు.

తర్వాత చేయవలసినవన్నీ దయామణి చేసింది. బెవ్‌ని పిలిచింది, ఆవిడ కళ్ళు మూసింది, గోరువెచ్చని నీళ్ళతో మొహం తుడిచింది, కొత్త దుప్పటి కప్పింది. మనసు ఎక్కడో ఉంది, చేతులు మాత్రం ఆగలేదు.

కాసేపటికి బెవ్ ఫోను తెచ్చి ఇచ్చింది. మిసెస్ హార్పర్ పెద్దకొడుకు గ్రాహం, పెర్త్ నుంచి. ఆఖర్న అమ్మ దగ్గర ఎవరున్నారో వాళ్ళతో మాట్లాడాలన్నాడట. ఆయనా ముసలివాడే, గొంతు వణుకుతోంది. ఏమైనా అందా అని అడిగాడు. దయామణి తనకొచ్చిన ఇంగ్లీషులో జరిగింది జరిగినట్టు చెప్పింది, కుక్కల మాటతో సహా.

అవతల ఏదో అణచుకుంటున్న చప్పుడు. ఏడుస్తున్నాడనుకుంది. ఆయన నవ్వుతున్నాడు.

నాన్న కుక్కల్ని గడప తొక్కనిచ్చేవాడు కాదు అని చెప్పుకొచ్చాడు గ్రాహం. ఇల్లు దేవుడి ఇల్లులా ఉండాలనేవాడట. ఆయన లారీ వెళ్ళిన దుమ్ము అణగకముందే అమ్మ తలుపు తెరిచి కుక్కల్ని లోపలికి పిలిచేది. పిల్లలూ కుక్కలూ అంతా ఒకే పరుపు మీద పడుకునేవాళ్ళు. అమ్మ రొట్టె మీద జామ్ ఎంత కావాలంటే అంత రాయనిచ్చేది. బల్ల మీద దరువేస్తూ పాడేది. లారీ చప్పుడు వినపడగానే కుక్కలు బయటికి, జామ్ అలమరలోకి. నాకు తెలిసిన సంతోషమంటే అదే అన్నాడు.

"బట్ హి డైడ్ ఇన్ ద డెజర్ట్?" అంది దయామణి.

నో, నో అన్నాడు గ్రాహం. అరవై ఏళ్ళకి ఇంటికొచ్చేశాడట. మళ్ళీ ఎక్కడికీ వెళ్ళలేదు. ముసలితనమంతా అమ్మ పక్కనే ఉండి, అమ్మ పక్కనే పోయాడు. కుక్కలు మాత్రం మళ్ళీ లోపలికి రాలేదు. అయితే నాన్న పోయినప్పుడు అమ్మ ఏడ్చినట్టు ఎవరూ ఏడవలేదు, నాకు ఇప్పటికీ అర్థం కాదు అన్నాడు. దయామణికి థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

ఆమె ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రోజూ తను నాట్ యెట్ అన్నప్పుడు విచ్చుకున్న ఆ మొహం గుర్తొచ్చింది. అది ఆశ కాదా? మరేమిటి? ఇన్నాళ్ళూ ఆవిడకి తను ఇచ్చినది ఓదార్పో, ఇంకో రోజు సెలవో? ఏడ్చిందని కూడా చెప్పాడే. రెండూ ఒక మనిషిలో ఎలా ఇముడుతాయి? ఫోను బెవ్‌కి ఇచ్చేసింది. డ్యూటీ దిగి, కారు దగ్గర ఎండలోనే నిలబడి వైశాలికి ఫోను చేసింది.

"తేజ వస్తుంది. వాళ్ళకి చెప్పెయ్."

"అన్న ఒప్పుకున్నడా అక్కా?"

"చెప్పెయ్ వైశాలీ."

ఫోను పెట్టేసింది. కూతురి కోసం చెప్పిందో, తన కోసం చెప్పిందో, ఎవరి మీద కోపంతో చెప్పిందో పోల్చుకోలేకపోయింది.

ఇంటికొచ్చేసరికి తేజస్విని సోఫాలో కాళ్ళు బార్లా చాపుకుని, ఫోనులో పాత సినిమా పాట గట్టిగా పెట్టుకుని చిప్స్ తింటోంది. పద్నాలుగేళ్ళ పిల్ల. కృపానందం ఇంట్లో సినిమా పాటలు పెట్టనివ్వడు. ఆయన లేనప్పుడు మాత్రం పొద్దున్న దోసెల దగ్గర్నుంచీ పాటలే. దయామణి కూడా గరిటె ఊపుతూ కూనిరాగం తీస్తుంది. అందులో తప్పేమీ ఇన్నాళ్ళూ కనపడలేదు.

"తేజా, నువ్వు పెర్త్ వెళ్తున్నావు. వైశాలి ఆంటీకి చెప్పేశా."

పిల్ల లేచి కూర్చుంది. "సీరియస్లీ? డాడ్ సెడ్ యెస్?"

"నేను చెప్పా."

"ఓకే..." అంది తేజస్విని. సంతోషపడాలో వద్దో తెలియనట్టు తల్లి మొహంలోకి చూసింది. "మరి నువ్వు? హూ విల్ బి విత్ యూ, మమ్?"

దయామణి జవాబు వెతుక్కుంటుండగా బయట బండి చప్పుడైంది. ఇంజన్ ఆగింది. ఎవరూ చెప్పకుండానే తేజస్విని పాట ఆపేసి, కాళ్ళు కిందికి దించి, చిప్స్ ప్యాకెట్టు దిండు వెనక్కి తోసింది. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయింది. ఆ పని చేసినట్టు పిల్లకి తెలియను కూడా తెలియదు. దయామణి మాత్రం చూసింది. చూసి తలుపు తీయడానికి కదిలింది.

కృపానందం గుమ్మంలో బూట్లు విప్పుతూ మూలిగాడు. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి ఎండి పెళుసుబారింది. అరచేతులు బొబ్బలెక్కాయి. కళ్ళు గుంటలు పడ్డాయి. ఆ కళ్ళు చూడగానే దయామణికి ఏడుపు పొంగుకొచ్చింది. బతికొచ్చాడు. ఆ ఏడుపు అబద్ధం కాదు.

"మూడు చోట్ల కూరుకుపోయింది దయా. ఫోను నీళ్ళలో పడింది. దారంతా మీరే గుర్తొచ్చారు," అన్నాడు. కూతురి తల మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు. స్నానం చేసి అన్నం ముందు కూర్చున్నాడు. దయామణి పప్పుచారు పోసింది, గోంగూర పచ్చడి వేసింది.

"తేజ స్కూలు గురించి వైశాలి అడిగిందండి. పంపిస్తానని చెప్పేశా," అంది నిలబడే.

ఆయన చేతిలో ముద్ద ఆగింది. కోప్పడతాడనుకుంది. ఆయన తలూపాడు.

"మంచిదే చేశావు. నేనే ఆలస్యం చేశా." ముద్ద మింగి నీళ్ళు తాగాడు. "ఇంకో సంగతి. నా నడుం ఇక ఆ రోడ్లకి పనికిరాదు దయా. సంఘానికి చెప్పేశా, వేరేవాళ్ళని పంపమని. ఇక నుంచి ఇంట్లోనే ఉంటా. నిన్ను చాలా కాలం ఒంటరిదాన్ని చేశా."

ఈ మాట కోసం ఆమె ఎన్నోసార్లు మోకాళ్ళూని ప్రార్థించింది. "మంచిదండి" అనాలి. అంది కూడా. ఆయన తృప్తిగా ఇంకాస్త అన్నం పెట్టించుకున్నాడు. తేజస్విని తల వంచుకుని కంచంలో గీతలు గీస్తోంది.

"నీ సంగతులేంటి?" అన్నాడాయన.

"మిసెస్ హార్పర్ పోయింది."

"అయ్యో. ఎవరావిడ?"

ఆవిడ గురించి ఎన్నిసార్లు చెప్పిందో. చేతులు తుడుచుకోబోతుంటే, ఇంకా విప్పని డ్యూటీ చొక్కా జేబులో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే ముసలామె కళ్ళద్దాలు. మొహం తుడిచేటప్పుడు తీసి జేబులో వేసుకున్నట్టుంది, గుర్తులేదు. రేపు గ్రాహంకి అందేలా బెవ్‌కి ఇవ్వాలి. దయామణి వాటిని పచ్చడి గిన్నె పక్కన పెట్టింది. ఒక కాడ వంగి ఉండి పూర్తిగా మూసుకోలేదు. కుడి అద్దం మూల వేలిముద్ర ఒకటి ఉంది, ఆవిడదో తనదో.