ఎడమ పక్క ప్లేటు

"పిచికని చెయ్యనివ్వండి. మీరు పక్కన కూర్చుని తిట్టండి, చాలు," అన్నాను అప్పటికి నాలుగోసారి.

"తిట్టడానికి నువ్వున్నావుగా," అన్నారు ఆయన కారు కింద నుంచే.

"వాడు నా మాటే వినడు, నీ మాట వింటాడా?" అంది అత్తగారు గుమ్మంలో ఉల్లిపాయలు ఒలుస్తూ. "కడుపులోనే అడ్డం తిరిగిన ఘటం."

ఆ కారు మా పెళ్లినాటికే పాతది. తుక్కులో కొని, ఒక్కో భాగం చేర్చి ఆయనే నిలబెట్టారు. మలుపు తిరిగితే చాలు, ముందు భాగం పడవలా ఒరిగిపోయేది. అలా ఒరగకుండా ముందు చక్రాలు రెంటినీ కలుపుతూ అడ్డంగా బిగించే లావుపాటి కడ్డీయే స్వే బార్. అయితే కారు అడుగున పాత ఛాసిస్ చట్రం రేకు పల్చన. ఊరికే బిగిస్తే గట్టి మలుపులో బోల్టులు రేకుని చీల్చుకుని ఊడొస్తాయి. అందుకని బిగించేచోట రెండు పక్కలా మందపాటి ప్లేట్లు వెల్డింగ్ చెయ్యాలి.

రెండేళ్లుగా ఆయన చేతులు వణుకుతున్నాయి. షెడ్డులో పనంతా మా అమ్మాయే చేస్తోంది. ఎంత ఇరుకులోకైనా దూరిపోతుందని దాన్ని పిచిక అంటాం. ఈ ఒక్క పనీ తనే చేస్తానని ఆయన పట్టుబట్టారు. ఇది చేతనైతే తను ఇంకా పనివాడే. ఆ మాట ఆయన పైకి అనలేదు, నాకు తెలుసు.

మధ్యాహ్నానికి పూర్తిచేశారు. అన్నం తిని, మాత్ర వేసుకుని పడుకున్నారు. ఆ మాత్ర వేసుకుంటే ఎంత చప్పుడైనా లేవరు. పిచిక కారు కిందికి దూరి, కాసేపటికి పాక్కుంటూ బయటికొచ్చింది.

"అమ్మా, ఎడమ పక్కది రేకుకి పట్టలేదు. కరిగిందంతా ప్లేటు మీదే ఉండిపోయింది."

"నాన్నకి చెప్పకు."

"చెప్పకపోతే ఎలా? కొండ రోడ్డులో ఊడిపోతే?"

"చెప్పకుండా సరిచెయ్యి."

అది నా మొహంలోకి చూసింది. గ్రైండర్ తీసుకుని నాన్న వేసిన అతుకుని కోసేసింది. మళ్లీ వేసింది. గట్టిగానే వేసింది గానీ, నాన్న చేతి వణుకులా కావాలని వంకరలు పోనిచ్చింది. "బాగా వెయ్యడం కన్నా ఇలా వెయ్యడమే కష్టంగా ఉందమ్మా," అంది. గ్రైండర్ గీతల మీద మసి పూసింది.

ఆయన లేచి వచ్చారు. కడ్డీ ఎక్కించేముందు అతుకుల మీద బొటనవేలు నడిపించి చూసుకోవడం ఆయన అలవాటు. నేను టార్చి పట్టుకున్నాను. కుడి పక్క అయింది. ఎడమ పక్క వేలు ఆగింది.

వెల్డింగ్ అతుకు చేప పొలుసుల్లా ఉంటుంది. పొలుసులు ఎటు వాలాయో చూస్తే, చెయ్యి ఎటు నుంచి ఎటు నడిచిందో తెలిసిపోతుంది. ఆయన ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే వేస్తారు. పిచికది ఎడమచేతి వాటం, కుడి నుంచి ఎడమకి వేస్తుంది. వంకరలన్నీ అచ్చుగుద్దినట్టు దించింది గానీ, ఈ సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆయన వేలు అటొకసారి, ఇటొకసారి నడిచింది. నా చేతిలో టార్చి కదిలిపోయింది.

"సరిగ్గా పట్టుకో," అన్నారు మెల్లగా. తర్వాత బయటికొచ్చి, స్టూలు మీద కూర్చుని, "నువ్వే బిగించవే పిచికా," అన్నారు. అది బిగిస్తున్నంతసేపూ ఒక్క తిట్టు తిట్టలేదు. ఆయన తిడితే బాగుండునని నాకు మొదటిసారి అనిపించింది.

పొద్దు వాలకముందే అందరం భోజనాలకి కూర్చున్నాం.

"అయిందా నీ కడ్డీ? ఇకనైనా నన్ను తిప్పుతావా?" అంది అత్తగారు.

"పిచిక తిప్పుతుందమ్మా." మంచినీళ్ల గ్లాసు రెండు చేతులా పట్టుకుని కింద పెట్టారు. "ఎడమ పక్క అతుకు బాగా కుదిరింది."

పిచిక తల దించుకుంది.

"రేపటి నుంచి షెడ్డు దానిదే. నేనిక పనిముట్టు పట్టను, కారు నడపను," అన్నారు, కూర ఇటు జరపమన్నంత మామూలుగా. "అందరూ ఉన్నారు కదా, ఒకేసారి చెప్పేస్తున్నాను."