గంగాదేవి వేసిన మొదటి అక్షింతలు

ఆ శ్రావణ ఆదివారం ఎమ్మెల్యే గంగాదేవికి ఎనిమిది పెళ్ళిళ్ళు. హిందూపురంలో రెండు, పెనుకొండలో ఐదు. వాటికి ఎట్లాగో తల చూపించి రావచ్చు. ధర్మవరంలో జయమ్మ కూతురు సౌమ్య పెళ్ళి మాత్రం తప్పకూడదు. పదవి రాకముందు పదేళ్ళు జయమ్మా, తనూ పక్కపక్క మగ్గాల మీద నేసినవాళ్ళు. గెలిచాక గంగాదేవి ఆ గడప తొక్కలేదు.

"నీ శాలువాలూ వద్దు, దండలూ వద్దమ్మే. తాళి కట్టేటప్పుడు మొదటి అక్షింతలు నీ చేత్తో పడితే చాలు. అదన్నా వస్తావా?" అని పత్రిక ఇస్తూ అడిగింది జయమ్మ.

"ఒట్టు, వస్తా."

అన్నట్టే ముహూర్తానికి పావుగంట ముందు కారు దిగింది. రోడ్డుకు చెరోపక్కా ఒక కల్యాణమండపం. మేళం గట్టిగా మోగుతున్న దాంట్లోకి నడిచింది. గేటు దగ్గరి ఫ్లెక్సీలో తన బొమ్మ లేదని నొచ్చుకుంది కాని, పేర్లు చదవలేదు. జనం లేచి నిలబడ్డారు. ఎవరో మైకు ఇచ్చారు. అసెంబ్లీలో రెండు నిమిషాలైనా దొరకని మైకు!

"ఈ పిల్లను ఈ చేతుల్తో ఎత్తుకున్నా. మగ్గం గుంతలో పడబోతే జుట్టు పట్టుకుని లాగినా!" అంటూ గట్టిమేళం మొదలయ్యేదాకా సాగించి, మొదటి అక్షింతలు తనే వేసింది. పెళ్ళికూతురు తల ఎత్తలేదు. జయమ్మ ఏ వంటశాలలోనో ఉందనుకుంది.

అప్పుడు పెళ్ళికూతురి తండ్రి మైకు అందుకున్నాడు. పోయిన ఎన్నికల్లో ఆమె చేతిలో ఓడిన సంజీవప్ప!

"మేము పత్రిక గూడా ఇయ్యలేదు. అయినా వచ్చిందంటే అక్కది ఎంత పెద్ద మనసో చూడండప్పా! మా ఇంట్లో మగ్గం ఎప్పుడుండెనో, అది మాత్రం నాకు గుర్తు రాలేదు."

హాలంతా గొల్లుమంది. వార్డు వార్డునా ఓటర్లను పేరుపెట్టి పిలిచే మనిషి, తన చేతుల్లో పెరిగిన పిల్ల అవునో కాదో చూసుకోలేదు. గంగాదేవి చెప్పులు కూడా వెతుక్కోకుండా రోడ్డు దాటింది.

ఎదుటి మండపంలో తాళి కట్టడం ముందే అయిపోయింది. వధూవరులు భోజనానికి వెళ్ళారు. జయమ్మ వేదిక మీద రాలిన అక్షింతలు పళ్ళెంలోకి ఎత్తుతోంది.

"జయమ్మా..."

"నీ మాటలు ఈడికీ వినపడె. బాగా మాట్లాడినావులే." ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది గంగాదేవికి. "నీకని చోటు ఇడిచిపెట్టి ఫోటో తీపిచ్చినా. నువ్వాడ నిలబడితే ఫోటో ఆయప్ప అతికిస్తాడంట. నిలబడు, ఇంకో పెళ్ళికి పొద్దవుతాంది నీకి."

తప్పయిపోయిందనబోయింది గంగాదేవి. ఫోటోగ్రాఫరు అప్పటికే కెమెరా ఎత్తాడు.

"మేడమ్, కొంచెం ఎడమకి. కుడిపక్క పెళ్ళికూతురు ఉంటాది. అక్షింతలు వేస్తాన్నట్టు చెయ్యెత్తండి. నవ్వల్ల."

ఎవరి తలా లేని చోట గంగాదేవి చెయ్యెత్తి నవ్వింది.

ఒక్కసారికే బాగా వచ్చిందన్నాడు.