మూడో గంట

నేను ఒక రైలు పట్టా ముక్కని. మూరెడుంటాను. పాతికేళ్ళు గూడ్సు బళ్ళు నా నడ్డి మీద తిరిగాయి. అరిగిపోయానని కోసి పాత ఇనుము కొట్టుకి తోలారు. అక్కణ్ణుంచి కొండకింద పాలెం క్రైస్తవులు తెచ్చి, గుడి ముందు వేపకొమ్మకి గొలుసుతో వేలాడదీసి, గంటని చేశారు. కొట్టడానికో ఇనప కడ్డీ కూడానూ. దేవుడి కొలువులో చేరినా నాకు తన్నులు తప్పలేదు, చూశారా!

గంట కొట్టేది ఏసోబు. ఆదివారం మొదటి గంటకి జనం స్నానాలకి లేస్తారు, రెండో గంటకి ముస్తాబవుతారు, మూడో గంట మోగితేనే గడప దాటతారు. అదీ ఇక్కడి అలవాటు.

కంకర క్వారీ చలమయ్యకి లారీల దారి కోసం గుడి స్థలం కావాల్సొచ్చింది. ఓ ఆదివారం రెండో గంట కాగానే అతని మనుషులు జీపు దిగి, నా కడ్డీతోనే ఏసోబు తల పగలగొట్టారు. వెచ్చటి నెత్తురు నా మీద చిమ్మింది. ఏసోబు అక్కడే ప్రాణం వదిలాడు. కిటికీల్లోంచి నలభైమంది చూశారు. పోలీసులొచ్చేసరికి ఒక్కడికీ చూపు ఆనలేదు, పాపం!

"నెల చూస్తా. గంట మోగకపోతే అది గుడి కాదు, నా దారి" అన్నాడు చలమయ్య.

ఏసోబు భార్య దీవెనమ్మ టపాకాయ పేలితే మంచం కింద దూరే మనిషి. నాలుగో ఆదివారం ఆవిడే వచ్చింది.

"ప్రభువా, నాకు ధైర్యం లేదు. నువ్వే నిలబెట్టు" అంటూ మొదటి గంట కొట్టింది. అరగంటకి రెండోది. అంతలో జీపొచ్చింది. ఈసారి చలమయ్యే దిగాడు.

"మొగుడి దగ్గరికే పంపిస్తానే! పో ఇంటికి!"

"పోను బాబూ. ఇంకో గంట ఉంది."

కడ్డీ లాక్కుని ఆవిడ కుడిచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. పారిపోతుందనే అనుకున్నాను, సిగ్గేస్తోంది చెప్పడానికి. పారిపోలేదు. ఎడంచేత్తో నా గొలుసు పట్టుకుని నిలబడింది. తలకి గురిచూసి మళ్ళీ విసిరాడు. ఆవిడ బరువుకి నేను అడ్డంగా ఊగాను. ఆ దెబ్బ నాకు తగిలింది.

ఖంగుమన్నాను! జన్మలో అంత గట్టిగా మోగలేదు. వెర్రి వెధవ, మూడో గంట వాడే కొట్టాడు!

ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకోటి. బైబిళ్ళు పట్టుకుని కొందరు, రోకళ్ళు పట్టుకుని కొందరు, పాలెం అంతా గడప దాటింది. చలమయ్యని కదలనివ్వకుండా పోలీసులకి అప్పగించారు. ఈసారి నలభైమందికీ చూపు బాగానే ఆనింది.

ఇప్పుడు దీవెనమ్మ నన్ను ఎడంచేత్తో కొడుతుంది. భయం పోయిందా అని మొన్న పాస్టరుగారు అడిగారు.

"ఎక్కడ పోయిందయ్యా! ప్రతి ఆదివారం నాతోపాటే గుడికొస్తది" అని, కడ్డీ ఎత్తింది.