అత్త అరువిచ్చిన వాసన

తెల్లవారేసరికి మొదటి వాయి రొట్టెలు పొయ్యిలోంచి బయటికి రావాలి. అత్తకి గడియారంతో పనిలేదు. పొయ్యి తలుపు మూసి, అటు వీపు పెట్టి, రెండో వాయికి పిండి పిసుకుతూ ఉంటుంది. ఉన్నట్టుండి ముక్కుపుటాలు అదురుతాయి. "అయింది" అంటుంది. తలుపు తీస్తే అయ్యే ఉంటుంది. ఆ వీధిలో ఇది వింతేం కాదు. దర్జీ కంటితో బతుకుతాడు, బేకరీ ఆవిడ ముక్కుతో బతుకుతుంది, కొందరు నోటితో బతుకుతారు, వాళ్ళ ఊసు మనకెందుకు.

ఆ రోజు పొద్దున్న మేనకోడలు పిండి బస్తాల మీద కాళ్ళు ముడుచుకు కూర్చుని కెమిస్ట్రీ బట్టీ కొడుతోంది. మధ్యాహ్నం ప్రాక్టికల్ పరీక్ష. పిల్ల తల్లీ తండ్రీ ఓడల మీద వంటవాళ్ళు. ఏడాదికోసారి ఒడ్డుకొచ్చి, పిల్ల ఎంత ఎదిగిందో గోడమీద గీత గీసి, మళ్ళీ ఓడెక్కేస్తారు. పెంచింది అత్తే.

"సల్ఫైడ్ అయితే కుళ్ళిన గుడ్డు వాసన. అమ్మోనియం అయితే ఘాటైన వాసన. సల్ఫైట్ అయితే గంధకం కాలిన వాసన..."

అత్త చేతులు పిండిలో ఆగిపోయాయి.

"ఆగాగు. కుళ్ళిన గుడ్డు వాసన ఎలా ఉంటుందే?"

"సల్ఫైడ్‌లా ఉంటుంది అత్తా."

"సల్ఫైడ్ ఎలా ఉంటుంది?"

"కుళ్ళిన గుడ్డులా."

"బాగానే ఉంది సంబడం!" అంది అత్త, మోచేతులదాకా పిండితో నడుం మీద చేతులేసుకుని.

పిల్లకి వాసన తెలియదు. పసితనంలో ఒక జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. దాన్ని ఎవరూ పెద్ద లోటుగా అనుకోలేదు. "ముక్కులున్నవాళ్ళు ఏం బావుకున్నారు, పక్కవాళ్ళ కూరల ఆరా తప్ప?" అనేది అత్త. పిల్ల కూడా బాధపడలేదు, కిందటేడు ప్రాక్టికల్స్ దాకా.

ప్రాక్టికల్స్ అంటే ఇదీ. ఒక పొట్లంలో తెల్లటి పొడి ఇస్తారు. అది ఏ ఉప్పో కనిపెట్టాలి. రంగులు చూసి సగం చెప్పొచ్చు, మిగతా సగం ముక్కు చెప్పాలి. ఆఖర్న రుజువు కోసం ఒక మందు సీసా అడగాలి. ఒక్కటే, ఒక్కసారే. తప్పు సీసా అడిగావా, గోవిందా. కిందటేడు పిల్ల తన పొడికి వాసనంటూ ఏదీ లేకపోయినా 'కుళ్ళిన గుడ్డు' అని రాసింది. ఎగ్జామినర్ కళ్ళజోడు పైకి తోసి, "ఎక్కడొచ్చిందమ్మా నీకా వాసన?" అని అడిగాడు. పిల్ల నిజమే చెప్పింది. "పుస్తకంలో సార్." గదంతా నవ్వింది. పిల్ల తప్పింది.

ఈసారి తప్పితే నవ్వుతో పోదు. మంచినీళ్ళు పరీక్షచేసే ల్యాబ్‌లో పిల్లకి పని నేర్పిస్తామన్నారు. కెమిస్ట్రీ పాసై రావాలి, అంతే షరతు. తప్పితే ఆ కుర్చీ ఇంకొకరికి పోతుంది. గాజు గొట్టంలో చుక్క పడగానే నీళ్ళు నీలంగా మారడం చూస్తే ఆ పిల్ల మొహం ఎలా వెలుగుతుందో అత్త చూసింది. రొట్టెలు చూసి ఎప్పుడూ అలా వెలగలేదు.

"ప్రాక్టికల్స్‌కి ముక్కు కావాలని నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు ముక్కు మీదే కదా బతికేది. ఎలా అడగను?"

"అడగందే అమ్మైనా పెట్టదు. నేను అత్తని. నా దగ్గర రెండుసార్లు అడగాలి. రా ఇలా."

ఆ వీధిలో నిచ్చెన అరువిచ్చినట్టే కన్నూ ముక్కూ చెవీ కూడా అరువిచ్చుకుంటారు. పెద్ద ఆర్డరొచ్చినప్పుడు దర్జీ ఎదురింటి కుర్రదాని కంటిచూపు తెచ్చుకుంటాడు. పరీక్షల వాళ్ళూ అభ్యంతరం పెట్టరు. కళ్ళజోడు పెట్టుకోనిచ్చినవాళ్ళు ముక్కుని ఎలా వద్దంటారు? ఒకటే చిక్కు. అరువిచ్చిన వస్తువు ఒంటరిగా రాదు, సొంతదారు అలవాట్లు వెంటబెట్టుకుని వస్తుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ ఆవిడ చెవి తెచ్చుకున్న దర్జీ, ఎవరు పలకరించినా "లైన్లో ఉండండి" అంటూ వారం రోజులు తిరిగాడు.

అత్త పిండి చేతులతోనే పిల్ల బుగ్గలు పట్టుకుంది. నుదురు నుదురుకి ఆనించింది. ముక్కుతో మెల్లగా ఊపిరి వదిలింది. పిల్ల పీల్చుకుంది. అంతే.

పిల్ల బస్తాల మీద కూలబడింది. "అత్తా! ఇదేంటి, ఇదంతా ఏంటి?"

"రొట్టె" అంది అత్త. "పన్నెండో క్లాసు చదువుతూ రొట్టె తెలియదు. ఏడవకు, టైము లేదు. పుస్తకం తియ్యి."

అప్పుడు మొదలైంది అసలు రివిజన్. అత్త అగ్గిపుల్ల గీసి ఆర్పింది. "ఇది నీ గంధకం." బిస్కెట్లు గుల్లగా రావడానికి వేసే అమ్మోనియా పొడి చిటికెడు వేడి రేకు మీద చల్లింది. పిల్ల కళ్ళవెంట బొటబొటా నీళ్ళు. "ఇది నీ ఘాటు. ఇంక మర్చిపోమన్నా మర్చిపోవు." బాత్రూం మూలనుంచి బ్లీచింగ్ పౌడర్ తెచ్చి డబ్బా మూత తీసింది. "ఇది క్లోరిన్. దగ్గరికెళ్ళకు, చేత్తో గాలి ముక్కువైపు తోసుకో. నీ పుస్తకంలోనూ అలాగే ఉందా? శభాష్, పుస్తకం రాసినవాడు ఎప్పుడో బాత్రూం కడిగే ఉంటాడు."

ఇక కుళ్ళిన గుడ్డు. గుడ్లమ్మే అతను నోరెళ్ళబెట్టాడు. "మంచి గుడ్డు ఇవ్వలేదని దెబ్బలాడే జనాన్ని చూశాగానీ, కుళ్ళింది కావాలని వచ్చింది మీరొక్కరే అమ్మా."

"మా పిల్ల చదువుకి" అంది అత్త.

"చదువుకా? అయితే రెండు తీసుకెళ్ళండి."

వెనక వరండాలో గుడ్డు పగిలింది. దర్జీ తన కొట్టు కిటికీ మూసి, మళ్ళీ తెరిచి, "సల్ఫైడేనా?" అని కేకేశాడు. పొద్దుట్నుంచీ బట్టీ వింటున్న గోడలకే వచ్చేసింది, మనిషికి రాదా!

పిల్ల పుస్తకంలో ఆఖరి వరసకొచ్చింది. "ఎసిటేట్ అయితే వెనిగర్ వాసన. అది కూడా చూపించు అత్తా."

అత్త మొహం కొట్టు షట్టర్ దించినట్టు అయింది.

"అది లేదు."

"పక్కింట్లో అడగనా?"

"ఆ సీసా ఈ గడప తొక్కి ఏళ్ళయింది. ఇప్పుడు తొక్కక్కర్లేదు. అన్ని ఉప్పుల్లోకీ నీకు అదే వచ్చి ఏడుస్తుందా ఏంటి? లే, టైమైంది."

అనకూడని మాటలు కొన్ని ఉంటాయి. అత్తకి అవన్నీ కంఠతా వచ్చు.

బడికి వెళ్ళే దారంతా పిల్లకి కొత్త లోకం. తడిసిన గోనెసంచి, వేడెక్కిన తారు, ఎవరో ఉతికి ఆరేసిన దుప్పటి. వాసనలతోపాటు అత్త అభిప్రాయాలు కూడా వస్తున్నాయి. వీధి చివర ఇంకో బేకరీ ముందునుంచి వెళ్తుంటే, పిల్ల ప్రమేయం లేకుండానే ముక్కు ఎగబీల్చి చీదరించుకుంది. ఆ కొట్టాయన గుమ్మంలోనే ఉన్నాడు. "మీ అత్త ముక్కా?" అన్నాడు నిట్టూర్చి. "పోనీలే అమ్మా, పరీక్ష బాగా రాయి."

ల్యాబ్‌లో కిందటేడు ఎగ్జామినరే. కళ్ళజోడు పైకి తోశాడు. "పుస్తకంలో వాసనొచ్చిన అమ్మాయివి కదూ?" అని పొట్లం చేతిలో పెట్టాడు.

తెల్లటి పొడి. రంగుల పరీక్షలు పిల్లకి వెన్నతో పెట్టిన విద్య. లోహం సంగతి చకచకా తేల్చేసింది. తర్వాత గొట్టంలో కాస్త పొడి వేసి, యాసిడ్ చుక్కలు వేసి, మంటమీద వెచ్చచేసి, చేత్తో ఆవిరిని ముక్కువైపు తోసుకుంది.

ముక్కు మూసుకుపోయింది.

జలుబు చేసినట్టు కాదు. ఎవరో లోపలినుంచి ధడాలున తలుపేసి గడియ పెట్టినట్టు. పిల్ల మళ్ళీ ప్రయత్నించింది. అదే గడియ. అటూ ఇటూ చూసింది. పక్క బల్ల దగ్గర పిల్లలు సీసాలు అడిగి తెచ్చుకుంటున్నారు. పిల్ల గొట్టం మళ్ళీ మంటమీద పెట్టింది. వాసన లేని ఉప్పులూ ఉంటాయి. ఇదీ అలాంటిదేనా? అలాగని రాసేస్తే సరిపోతుందా? కానీ వాసన లేకపోవడం ఎలా ఉంటుందో పిల్లకన్నా బాగా ఎవరికి తెలుసు? బతుకంతా అదే కదా. ఇది అది కాదు. ఇది ఉన్నదాన్ని వద్దనుకోవడం.

అలిగి గదిలో తలుపేసుకున్న అత్తని పిలిచినట్టే, పిల్ల గొట్టం మీదికి వంగి గొణిగింది. "అత్తా, నేనే. ఒక్కసారి తియ్యి."

తియ్యలేదు.

"నీకెందుకు పడదో నాకు తెలియదు. కానీ నువ్వే కదా ఇచ్చావు. తియ్యి అత్తా. నేనే వచ్చాను."

గడియ తీసిన చప్పుడు పిల్లకి నిజంగా వినపడింది.

పుల్లగా, కళ్ళు మండేలా వచ్చింది వాసన. దాని వెనకే ఒక గిన్నె, గిన్నెలో తడిగుడ్డ, పొగలు కక్కుతున్న ఒక చిన్న నుదురు. ఆ నుదుటిని పిల్ల పైనుంచి చూస్తోంది. గుడ్డ ముంచడం, పిండడం, వెయ్యడం. వేసింది వేసినట్టే వేడెక్కిపోతోంది. మళ్ళీ ముంచడం. వెనిగర్ నీళ్ళకి వేళ్ళు నాని, చర్మం పగిలి, పగుళ్ళలోకి పులుపు దిగి మండుతోంది. ఆ వేళ్ళు ఆగడం లేదు. వాటి వెనక ఒక భయం ఉంది. పొయ్యి ఆరిపోయిన భయం, కొట్టు మూసేసిన భయం, ఈ నుదురు చల్లబడితే దాని అర్థం ఏమిటో తెలియని భయం. నోట్లోంచి ఒక్క మాట లేదు. అంత నోరున్న మనిషి, ఒక్క మాట లేదు.

ఆ నుదురు ఎవరిదో పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

కళ్ళు తుడుచుకుని ఎగ్జామినర్ బల్ల దగ్గరికి వెళ్ళింది. "ఎసిటేట్ సార్. ఫెర్రిక్ క్లోరైడ్ ఇప్పించండి."

"ఒకే సీసా. బాగా ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకోలేదు సార్. తెలుసు."

చుక్క పడింది. గొట్టంలో నీళ్ళు రక్తంలా ఎర్రబడ్డాయి, ఎసిటేట్ అయితే ఎర్రబడాల్సినట్టే.

ఎగ్జామినర్ గొట్టం వెలుతురులో ఎత్తి చూశాడు. పిల్ల మొహం కూడా చూశాడు. "ఈసారి ఎక్కడొచ్చింది వాసన?"

"మా అత్త దగ్గర సార్."

ఆయన తలూపి, కాగితం మీద సంతకం పెట్టాడు. "మంచి ముక్కు. భద్రంగా తిరిగిచ్చెయ్."

బేకరీలో ఆ పూట రొట్టెలు బొగ్గులయ్యాయి. వాసన లేని అత్త గడియారాన్ని నమ్ముకుంది, గడియారం నట్టేట ముంచింది. అయినా బల్ల మీద ఒక్క రొట్టె మిగల్లేదు. వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, ఏమీ ఎరగనట్టు అడిగి పట్టుకెళ్ళారు. దర్జీ గుమ్మంలోనే నిలబడి ఒకటి నములుతున్నాడు. "కాస్త కరకరలాడుతోంది, అంతే" అన్నాడు. పళ్ళు నల్లగా ఉన్నాయి.

పిల్ల మొహం చూడగానే అత్తకి అర్థమైంది. అడగలేదు. బల్ల తుడుస్తూ, "ఏదీ, నా సొమ్ము ఇలా ఇవ్వు. ఈ కొంపలో ఏం మాడుతోందో నాకు తెలియట్లేదు" అంది.

నుదురూ నుదురూ ఆనాయి. పిల్ల ఊపిరి వదిలింది. ముందు పిండి వాసన అత్తకి తిరిగొచ్చింది. తర్వాత మాడు. "అబ్బా, ఇంత మాడ్చానా! తిన్నారటే వీళ్ళు? వీళ్ళ కడుపు చల్లగా!" తర్వాత అగ్గిపుల్ల, అమ్మోనియా, గుడ్డు, వీధి మొత్తం. అన్నీ అయ్యాక ఒక్కటి మిగిలింది. పిల్ల ఊపిరి బిగబట్టింది.

"వదలవేమే?"

"ఆ గుడ్డలు పిండి పిండి నీ వేళ్ళు పగిలిపోయాయి కదా అత్తా."

అత్త చెయ్యి బల్ల మీద ఆగిపోయింది. "ముక్కిస్తే ముక్కుతో సరిపెట్టుకోవాలి గానీ, ఇల్లంతా సోదా చేస్తారటే?" అంది. గొంతులో మామూలు పదును లేదు.

"ఇది నేను ఉంచుకుంటాను."

"అదెందుకే నీకు? పాడు వాసన. అది ముక్కుకి తగిలితే నాకు నీ జ్వరమే కళ్ళముందుకొస్తుంది. లోకంలో ఇన్ని వాసనలుండగా..."

"నాకు అదే కావాలి. నీకది భయం. నాకు కాదు."

అత్త పిల్లని ఎగాదిగా చూసింది. చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఉంచుకో అయితే. తిరిగి అడగనులే" అని, పొయ్యి తలుపు తీసింది. తియ్యాల్సిన పని ఏమీ లేకపోయినా తీసింది.

పిల్ల పాసైంది. నీళ్ళ ల్యాబ్‌లో కుర్చీ ఆ పిల్లదే అయింది. కొన్నాళ్ళకి బేకరీలోకి ఒక వెనిగర్ సీసా కూడా వచ్చింది. మాడిన రేకులు అత్త దాంతోనే తోముతుంది, కూనిరాగం తీస్తూ. సీసా మూత తీసుందో లేదో కూడా ఆవిడకి తెలియదు.

ల్యాబ్‌లో గాజుసామాన్లకి పట్టిన సున్నం కడగడానికి వారానికోసారి వెనిగర్ తీస్తారు. మూత తియ్యగానే అందరూ ముక్కులు మూసుకుని కిటికీల దగ్గరికి పోతారు. ఆ పని ఎప్పుడూ ఈ పిల్లకే వదిలేస్తారు, దీనికి వాసన తెలియదు కదా అని. పిల్ల కాదనదు. సీసా మీదికి వంగి, కళ్ళు మూసుకుని, నుదుటిమీద ఎవరో తడిచెయ్యి వేసినట్టు కాసేపు అలాగే నిలబడి, అప్పుడు పని మొదలుపెడుతుంది.