అన్ని లైన్లూ సెఫీనావే

శనివారం మా ఆక్లండ్ రేవులో పడవెక్కిన వాళ్ళలో సగం మందికి టికెట్ మీద ‘కుక్క. బయట డెక్ మీదే. మూతికి కట్టు తప్పనిసరి’ అని అచ్చయింది. ఒక పెద్దావిడ ఆ టికెట్‌కి ఫ్రేము కట్టించి మరీ మా ఆఫీసుకి పంపింది. సోమవారం మా యజమాని క్రెయిగ్ ఊగిపోతూ వచ్చాడు.

ఆ టికెట్లమ్మే ప్రోగ్రాం మాదే మరి. రాసేది నేనూ, సెఫీనా. పాపం, ఆ పిల్ల ఉద్యోగం ఖాయమయ్యేది ఈ వారమే. అది ఖాయమైతే వాళ్ళమ్మ చేత రాత్రి డ్యూటీ మాన్పించాలని దాని ఆశ.

“ఎవరు రాశారో చెప్పేసే పరికరం ఒకటుందటగా? ఏదో బ్లేమ్ అట!” అన్నాడు క్రెయిగ్.

ఉంది. మేం ప్రోగ్రాం దాచుకునే చోట ప్రతి మార్పూ పేరుతో సహా నిలిచిపోతుంది. బ్లేమ్ అని కొడితే ప్రతి లైను పక్కనా దాన్ని చివరగా ముట్టుకున్న వాళ్ళ పేరు కనిపిస్తుంది. దానికి ‘నింద’ అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, యజమానులకి ప్రాణం లేచొస్తుంది!

కొట్టాను. మొదటి లైను సెఫీనా. రెండోది సెఫీనా. కిందదాకా సెఫీనాయే.

“చూశావా అమ్మాయ్! అంతా నీ నిర్వాకమే!” అన్నాడు క్రెయిగ్ సెఫీనాతో.

“నేను లైన్లలో ఖాళీలు సర్దానంతే అక్కా,” అంది నావైపు తిరిగి.

నిజమే. చేరిన కొత్తలో సర్దుడు పరికరం ఒకటి తెచ్చి, చిందరవందరగా ఉన్న లైన్లన్నిటినీ ఒక్క దెబ్బకి తీర్చిదిద్దింది. ముట్టుకుంది గనక అన్నీ దాని పేరు మీదికొచ్చాయి. ఇల్లు ఊడ్చిన పాపానికి ఇంట్లో దొంగతనాలన్నీ నెత్తిన పడ్డట్టయింది. నాకు ఒళ్ళు మండింది.

“ఆగండి క్రెయిగ్. ఖాళీల మార్పులు వదిలేసి మళ్ళీ అడుగుదాం.”

“అడుగు, అడుగు! ఎవరైనా సరే, ఇవాళే ఇంటికి!”

అడిగాను. ‘వయసు రాయకపోతే కుక్క’ అన్న లైను పక్కన పేరు మారింది: క్రెయిగ్ హాడో. కంపెనీ పెట్టిన కొత్తలో స్వహస్తాలతో రాసిందది. అప్పట్లో వయసు రాయకుండా టికెట్ దొరికేది కుక్కలకే. వయసు రాయకపోయినా టికెట్ ఇచ్చెయ్యండని మొన్న శుక్రవారం హుకుం జారీ చేసిందీ ఈయనే.

క్రెయిగ్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“అసలు మన సంస్థలో ఒకరిని వేలెత్తి చూపించే అలవాటు లేదు. తప్పు మనిషిది కాదు, పద్ధతిది.”

“ఎప్పట్నించి?” అన్నాను.

“మొదట్నించీ!”

“మరి నా ఉద్యోగం?” అంది సెఫీనా.

“ఖాయం తల్లీ, ఖాయం.”

“అయితే రాసివ్వండి,” అంది. “ కింద మీ పేరు పెట్టి.”